జానీని కాపాడిన కక్కుర్తి

ఈ సాయంత్రం మా అత్తమ్మ పెరట్లో కూర్చుని, మిగిలిన సేమ్యా పాయసాన్ని మా కుక్క జానీ గిన్నెలో వంపుతోంది. నేను వంటింట్లోంచి ఒక్క పరుగు తీశాను. ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకు విషంతో సమానమని పొద్దున్నే ఫోన్‌లో చదివాను.

“అత్తా, ఎయ్యకు! కిస్మిస్ తింటే కుక్కలకి కిడ్నీలు పాడైపోతాయంట!”

ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఆ మాట వింటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. అత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఓలమ్మో, కుక్కలకి కూడానా?” అంది నెమ్మదిగా.

జానీ అప్పటికే మూతి పెట్టేసింది. గిన్నె లాక్కుని ఇద్దరం వేళ్లతో కెలికి చూశాం. జీడిపప్పు బోలెడంత ఉంది, కిస్మిస్ ఒక్కటీ లేదు. అన్నీ మింగేసిందేమోనని జానీ మూతి పట్టుకుని చూశాను.

పక్కనే మంచం మీదున్న మావయ్య నవ్వాడు. “ఏటెతుకుతన్నారు? కిస్మిసులన్నీ మజ్జానమే నానే ఏరుకు తినీసినాను. జీడిపప్పు ఎవుడిక్కావాలి?”

పలాసలో రోజూ జీడిపప్పు మధ్యే పనిచేసే మనిషి ఆయన. పాయసం వండినప్పుడల్లా ఈ కక్కుర్తి మీద మా ఇంట్లో గొడవే. ఈ రోజు మాత్రం జానీకి ఉత్తి అన్నం పెట్టొచ్చి, అత్తమ్మ డబ్బాలో దాచిన కిస్మిసులు కూడా తెచ్చి ఆయన చేతిలో పోసింది.

మీ ఇంట్లో పాయసంలోంచి ముందు మాయమయ్యేది ఏది? జీడిపప్పు అన్నారంటే మీది పలాస కాదని అర్థం.