ఆడ ఏనుగు దంతాలు

ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయని చెప్పినందుకు, ఎనిమిదేళ్ల నా మనవరాలిని ఆదివారం తెలుగు బడిలో తప్పని కూర్చోబెట్టారు. తప్పు పిల్లది కాదు.

అమెరికాలో మా అమ్మాయి వాళ్లుండే పిస్కాటవేలో ఆ బడి ఒక అద్దె హాల్లో నడుస్తుంది. ఆ రోజు జంతువుల మీద క్విజ్. పిల్ల జవాబు విని టీచరమ్మ, "ఆడ ఏనుగుకి దంతాలేంటమ్మా, మీసాలు కూడా ఉంటాయా?" అందట. క్లాసంతా నవ్వింది.

కారులో పిల్ల అడిగింది. "తాతయ్యా, నేను రైట్ కదా? మరి అందరు ఎందుకు లాఫ్ చేసారు?"

అంతకు ముందే లైబ్రరీలో ఏనుగుల పుస్తకం ఇద్దరం కలిసే చూశాం. మన ఏనుగు చెవి చేటంతైతే, ఆఫ్రికాదాని చెవి చాపంత. తొండం కొసన మనదానికి వేలులాంటి మొన ఒకటే, దానికి రెండు. మందను నడిపేది పెద్ద వయసు ఆడ ఏనుగు. బొమ్మలో ఆ ముసలిదాని దంతాలు నాకు వేలు పెట్టి చూపించింది మనవరాలే.

నాకు బడి చదువు లేదు. తిమింగలం చేప కాదన్నందుకు చిన్నప్పుడు మా పంతులు గోడకుర్చీ వేయించాడు. మర్నాటి నుంచి వెళ్లలేదు. తర్వాత చదివిందంతా సొంతంగానే. ఆ గోడ సున్నం వాసన ఇప్పటికీ వీపున ఉంది.

మరుసటి ఆదివారం పార్కింగ్‌లో టీచరమ్మను ఆపి ఆ జవాబు మాటెత్తాను.

"మగవాటికే కదంకుల్ దంతాలు?"

"అది మన ఏనుగుకమ్మా. మీరడిగింది ఆఫ్రికాది."

"చిన్నపిల్లల క్విజ్ అంకుల్, లైట్ తీస్కోండి."

పుస్తకంలో పేజీ ఫొటో తీసి ఆమె ఫోన్‌కు పంపాను. బహుమతి వద్దు, పిల్ల చెప్పింది నిజమేనని క్లాసులో ఒక్క మాట అనండి చాలు, అని రాశాను. దండం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది. మళ్లీ రాశాను. ఏమీ రాలేదు.

"వాళ్లు ఫ్రీగా చెప్తున్నారు నాన్నా, వదిలెయ్" అంది మా అమ్మాయి.

వదల్లేదు, అలసిపోయాను. ఈలోగా మనవరాలు ఆదివారాలు మంచం దిగడం మానేసింది. "తెలుగు బోరింగ్" అంటుంది. నేను తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో బదులిస్తుంది.

చలికోట్లు బయటికి తీసే రోజుల్లో అడిగిన మాటకు, మళ్లీ అవి లోపల పెట్టే రోజుల్లో జవాబొచ్చింది.

"సారీ అంకుల్, ఇప్పుడే చూశాను. మీరన్నదే కరెక్ట్. క్లాసులో చెప్దామనే ఉంది, కానీ పాప రావట్లేదు కదా, ఎవరికి చెప్పమంటారు?"