వంక పైపులో ఉప్పు

పులిపిరి పోవాలని ఎవరైనా ఉప్పూ మిరియాలూ నీళ్ళలో వేస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేమీ లేదు, తప్పు నాది. అయినా మండుతుంది.

తొంభైల చివరి మాట. రాయదుర్గం వైపు మా ఊరి పక్కన ఒక వంక ఉంది. మంచి వాన పడిన ఏడు నాలుగు నెలలు పారుతుంది, మిగతా కాలమంతా గొర్రెలు నడిచే ఇసుక. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, పల్లెల్లో నీటి పని చేసే ఒక సంస్థ వాళ్ళు వాలంటీరుగా తీసుకున్నారు. జీతం లేదు. ఒక నోటుబుక్కు ఇచ్చి, వంకలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో, ఎట్లా ఉన్నాయో వారానికి రెండుసార్లు రాయమన్నారు.

పరికరం మేమే చేసుకోవాలి. ప్లాస్టిక్ పైపుకు బెజ్జాలు పొడిచి, లోపల రెండు ఇత్తడి రేకులు బిగించి, రేడియోలు బాగుచేసే అంగట్లో కొన్న చిన్న ఎర్ర బల్బునూ బ్యాటరీనీ పైన డబ్బాలో పెట్టాను. ఆ పైపును వంకలో నిలబెట్టి మీట నొక్కితే, మంచినీళ్ళయితే బల్బు మినుకుమంటుంది. నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ధగధగా వెలుగుతుంది. అంతే విద్య. దానికే నేను నేలమీద నడవడం మానేశాను.

మా నాయనకు నలభై చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, ఉండేవి. బోరు ఎండిపోయిన రెండేళ్ళూ ఊరి కొళాయి దగ్గర నుంచి కావడితో నీళ్ళు మోసి, చెట్టుకు రెండు కడవల చొప్పున పోసి బతికించాడు. భుజం మీద కాయ కాసింది కానీ చెట్లకు కాయలేదు. మూడో ఏడు వంక పారింది. నాయన ఆయిలింజను బాడుగకు తెచ్చి వంకలోని మడుగు ఒడ్డున దించాడు. ఆ ఏడు పూత చూసి ఆయన ఇంట్లో పాట పాడుకోవడం నేను మొదటిసారి విన్నాను.

వంక పారితే మా ఊళ్ళో ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లుతారు. పులిపిర్లున్నవాళ్ళు ఉప్పూ మిరియాలూ గుడ్డలో మూటగట్టి నీళ్ళలో వదులుతారు. ఉప్పు కరిగినట్టు పులిపిరి కరగాలని. నా బల్బు వెలగడం ఒక అవ్వ చూసింది.

“గంగమ్మ కన్ను తెరిచినాదే!” అని చేతులు జోడించింది.

ఇంకేముంది, వంకంతా వదిలేసి మూటలన్నీ నా పైపులోకే వచ్చాయి. ఒకరోజు బల్బు భగ్గుమంటే బెదిరిపోయాను. పైపు పీకి చూస్తే అడుగున ఏడు మూటలు! కడిగి మళ్ళీ దించాను. బల్బు మినుకుమంది. అవ్వ మీద ఇంతెత్తున లేచాను.

“ఏమవ్వా, ఇది కొలిచే పైపా, హుండీనా?”

“ఊరుకోవే. పోయినసారి నా మెడ మీది పులిపిరి యాడికి పోయినాదో నువ్వే చూడు,” అంది.

నోటుబుక్కులో “బల్బు బాగా వెలిగింది. కారణం, జనం వేసిన ఉప్పు” అని రాశాను. తర్వాత తర్వాత పైపు పీకి కడగడం మానేసి, ఆ వాక్యమే రాస్తూ పోయాను. కడగడానికి ఎంతసేపు? బీడీ తాగినంతసేపు కూడా పట్టదు. బద్ధకం.

ఎండలు ముదురుతున్నా ఆ ఏడు వంక ఆగలేదు. సన్నగా వస్తూనే ఉంది. దేవుడు చల్లగా చూశాడని ఊరంతా మురిసిపోయింది. ఒక పొద్దున నాయన మడుగులో దోసిలి ముంచి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

“ఏమో పాపా, ఉప్పగా ఉండాది. నీ బల్బు ఏం చెప్తాండాది?”

“అది జనం ఉప్పు నాయనా. నీళ్ళు మంచివే.”

“నా నోటికి తెలుస్తాండాది కదమ్మా.”

“నోరు కొలత కాదు నాయనా!” అన్నాను. నా నోరు పడిపోను, ఎంత మిడిసిపాటో. అక్షరం రాని మనిషి, చదువుకున్న కూతురి మాట మీద ఇంజను తిప్పాడు.

నెల తిరక్కుండా చీనీ ఆకుల అంచులు మాడాయి. తర్వాత ఆకులు రాలాయి, పిందెలు రాలాయి. నాయన పురుగనుకుని మందు కొట్టాడు. నేను అప్పుడు పరుగెత్తి పైపు పీకాను. లోపల ఒక్క మూట లేదు. ఎప్పుడో మానేశారు! కడిగి దించినా బల్బు ధగధగా వెలిగింది. వంక వెంట పైకి నడిచాను. రెండు మైళ్ళ అవతల, జీన్సు ప్యాంట్లు ఉతికే కొత్త షెడ్డు వెనక నుంచి నీలం నీళ్ళు వంకలోకి పడుతున్నాయి. రంగు ఇసుకలో ఆగిపోయి, ఉప్పు మాత్రం మా దాకా వచ్చింది. దేవుడు చల్లగా చూడటమంటే అదీ!

షెడ్డు మీద అర్జీ పెట్టాము. ఒక అధికారి జీపులో వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ వేయించుకున్నాడు. షెడ్డు మేనేజరు పక్కనే నిలబడ్డాడు. నా బుక్కు ఉందన్న ధైర్యంతో నేనే దాన్ని తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, నా వైపు చూశాడు.

“ఇది నీ రాతేనా?”

“నాదే సార్.”

పైకి చదివాడు. “బల్బు బాగా వెలిగింది. కారణం, జనం వేసిన ఉప్పు.” ఇంకో పేజీ తిప్పి అదే చదివాడు. మళ్ళీ ఇంకోటి. మేనేజరు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

“మీరేసిన ఉప్పుకు వాళ్ళేం చేస్తారప్పా?” అని అధికారి బుక్కు మూసేశాడు. అంతటితో అర్జీ అయిపోయింది.

తోట దగ్గరికి వచ్చాక నాయన, మోడుగా నిలబడిన చెట్టు బెరడు గోటితో గీకి చూశాడు. లోపల పచ్చదనం లేదు.

“నేను ఉప్పగా ఉండాదంటి కదా పాపా,” అన్నాడు, నా వైపు చూడకుండా. “ఆ మాట ఆ బుక్కులో యాడన్నా రాసింటివా?”

“లేదు నాయనా,” అన్నాను.