ఆపా మీద నేను చెప్పిన సాక్ష్యం

ఆపా పోయారని మొన్న శుక్రవారం వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "మిమ్మల్ని తమ్ముడనేది కదండీ, అందుకే ముందు మీకే చెబుతున్నా" అంది.

విజయవాడలో మేం పనిచేసిన ప్రింటింగ్ ప్రెస్సులో ఆమెది బైండింగ్ పని. ఆపా అంటే ఉర్దూలో అక్క, అక్కడ అందరం అలాగే పిలిచేవాళ్లం. నేను హాజరుపట్టీ రాసే గుమాస్తాను. కాగితాలు మడిచి మడిచి ఆమె బొటనవేలి గోరు అరిగిపోయింది. అయినా కొత్త పుస్తకం తయారైతే ముందు వాసన చూసి గాని పక్కన పెట్టేవారు కాదు.

తొంభైల్లో ఒక జీతాల రోజున ఆపా సంతకం పెట్టలేదు. రిజిస్టర్లో ప్రభుత్వం ఖాయం చేసిన కూలి ఉండేది, చేతికి అంతకంటే చాలా తక్కువ వచ్చేది. "రాసిందైనా ఇవ్వండి, ఇచ్చిందైనా రాయండి" అన్నారు, గొంతు పెంచకుండానే. మర్నాటి నుంచి రావద్దని యజమాని కాగితం ఏదీ ఇవ్వకుండా నోటిమాటతోనే చెప్పేశాడు. అయినా ఆమె మూడు రోజులు వేళకు వచ్చి గేటు బయట నిలబడ్డారు. ఆ మూడు రోజులూ లోపల కూర్చుని, ఆమె పేరుకు ఎదురుగా గైర్హాజరు అని రాసింది నేనే.

కేసు గుంటూరు లేబర్ కోర్టుకు వెళ్లింది. యజమాని తరఫున నేను బోనెక్కి, ఆమే పని మానేశారని చెప్పాను. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఉద్యోగం పోతుందని భయం. అవన్నీ నిజమే. నేను చెప్పింది మాత్రం అబద్ధం. ఆపా నన్ను పల్లెత్తు మాట అనలేదు. ప్రెస్సు ఎదుట టీ కొట్టు నడిపే ఆయన చూసింది చూసినట్టు చెప్పబట్టి, నాలుగేళ్లకు ఆమె గెలిచి మళ్లీ పనిలోకి వచ్చారు.

రెండేళ్లు తిరక్కుండానే, ఓవర్‌టైమ్ అడిగినందుకు నన్నూ అలాగే పొమ్మన్నారు. ఆ సాయంత్రం ఆపా మా ఇంటికి వచ్చారు.

"నోటిమాటకి ఇంట్లో కూర్చోకు తమ్ముడూ. పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర నిలబడు. నేను చూస్తాగా" అన్నారు.

నా కేసూ ఆ కోర్టుకే వెళ్లింది. ఆపా ఇంకా ప్రెస్సులోనే పనిచేస్తూ, యజమాని ఎదుటే నా పక్షాన సాక్ష్యం చెప్పారు. ఈయనే కదా మీ మీద చెప్పింది అని అవతలి వకీలు అడిగాడు.

"అవునండీ. ఇప్పుడు నేను చూసింది అడగండి."

నా కేసు ఆ సాక్ష్యంతోనే నిలబడింది.

ఆ రోజు తిరుగు బస్సులో క్షమించమని అడగాలని మాటలు కూడదీసుకున్నాను. మంగళగిరి దాటకముందే ఆమె నిద్రపోయారు. తర్వాత ఎన్నేళ్లున్నా ఆ మాట అడగలేకపోయాను. అప్పుడు మాత్రం, ఆమె తల కిటికీ ఊచకు కొట్టుకుంటుంటే, నా చేతిసంచి మడిచి మధ్యలో పెట్టి, బస్సు కృష్ణ దాటి బస్టాండు చేరేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.