ఉప్పు లేదన్న భోజనం

పెద్దమ్మ పోయిందని పోయిన మంగళవారం దంతాలపల్లి నుంచి ఫోను వచ్చింది. మహబూబాబాద్ దవాఖానలో ఉంది, ఆశ లేదని మాకందరికీ తెలుసు. అయినా రేగొండ బడిలో పిల్లల ముందే కుర్చీలో కూలబడ్డాను. మా అమ్మకు అక్క ఆమె. పదో తరగతి దాకా నన్ను తన ఇంట్లో పెట్టుకొని చదివించింది.

నేను దంతాలపల్లి చేరాక, ఇంకా శవం వాకిట్లో ఉండగానే నా పక్కన ఇద్దరు గుసగుసలాడుకున్నారు. ఒక్క పూట తిండికి కాళ్ల కడియాలు అమ్ముకుందట, తీరా చూస్తే ఆ తిండి చప్పగా ఉందట, అని. నాకు ఒళ్లు మండింది. చావింట్లో తగవెందుకని ఊరుకున్నాను. ఆ పూట ఆమె పక్కన కూర్చుని తిన్నది నేనొక్కదాన్నే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పాల్సిందీ నేనే.

పెద్దమ్మ కోపిష్టి మనిషి. కూలీ మేస్త్రీలు కూడా ఆమె నోటికి జంకేవాళ్లు. కానీ అన్నం దగ్గర ఎవరినీ పల్లెత్తు మాట అననిచ్చేది కాదు. "తిట్టేదుంటే చెయ్యి కడిగినంక తిట్టుర్రి" అనేది. పెదనాయిన తొందరగా పోయాడు. ఉన్న ఒక్క కొడుకుని మిరప తోటల్లో కూలి చేసి సాకింది. కూర తక్కువైన రోజు తనకు ఆకలిగా లేదనేది. పిల్లలం కదా, నమ్మేవాళ్లం.

ఆ కొడుకు, నాకు తమ్ముడు, జనగామలో డిగ్రీ చదివాడు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కాలేజీ ఉన్నప్పుడు ధర్నాలు, సెలవులొస్తే హైదరాబాదు పోయి పెద్ద హోటళ్ల విందుల్లో వడ్డించే పని. మా ఊరి పిల్లలు చాలామంది ఆ పనికి పోయేవాళ్లు. వచ్చినప్పుడల్లా వాడు తల్లి ముందు కూర్చుని ఆ వంటల సంగతులే చెప్పేవాడు. రాత్రంతా సన్న సెగ మీద మగ్గిన మేక తొడ, ముట్టుకుంటే బొక్క మీదినుంచి ఊడివచ్చే మాంసం, వెండి రేకు అంటించిన మిఠాయి. నువ్వు తిన్నావా అని ఆమె అడిగితే, రుచి చూస్తే పనిలోంచి తీసేస్తారని నవ్వేవాడు. రాష్ట్రం రానీ, నౌకరీ రానీ, అప్పుడు మనిద్దరం పోయి దొరల్లెక్క కూర్చుని తిందామనేవాడు.

జనగామలో రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు కూడా వాడు వడ్డనలోనే ఉన్నాడు. బస్సులన్నీ బంద్. సాయంత్రం ఏదో లారీ పట్టుకొని ఇంటికి వస్తూ, ఊరి దగ్గర దిగబోయి చక్రాల కింద పడ్డాడు. అంతకంటే రాయడం నా వల్ల కాదు. వాడి మీద జెండా కప్పారు, ఊరేగించారు, అమరుడన్నారు. జెండా చాలక పాదాలు బయటికి కనిపిస్తుంటే పెద్దమ్మ కొంగుతో వాటిని కప్పుతూ కూర్చుంది.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మా దిక్కు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, బొందపెట్టిన చోట ఆకులో పెడతారు. కాకి ముడితే వాళ్ల మనసు చల్లబడ్డట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. కాకి వచ్చి తుమ్మకొమ్మ మీద వాలింది కానీ కిందికి దిగలేదు. ఎండ ముదిరింది. వాడి దోస్తులు ఆకు ముందు నిలబడి తెలంగాణ తెచ్చి తీరుతామని ఒట్టు పెట్టారు. అయినా దిగలేదు. అప్పుడు పెద్దమ్మ లేచింది.

"నువ్వు జెప్పిన హోటల్ల కూసోని, నువ్వు జెప్పినయన్ని నేను తినొస్త బిడ్డా. ఇగ తిను."

కాకి దిగింది. ఆకలై దిగిందేమో, నేను వాదించను. కానీ ఆమె మాట ఇచ్చేసింది.

చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. కొడుకు పోయి మట్టి ఆరకముందే తల్లికి విందా అన్నారు. ఆ పైసలతో వాడి పేరు మీద నలుగురు బీదోళ్లకు అన్నం పెట్టవచ్చు కదా అని మా అమ్మే అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే సబబనిపించింది. పెద్దమ్మ మానుకోట బజారుకు పోయి పెండ్లినాటి వెండి కడియాలు అమ్మి, నన్ను హైదరాబాదుకు తోడు రమ్మంది.

ఆ హోటల్లో ఆమె గుమ్మం దగ్గరే చెప్పులు విడవబోయింది. నేను వద్దన్నాను. మా మాట విని పక్క బల్ల వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె అదేమీ పట్టించుకోలేదు. కొడుకు చెప్పిన వంటలన్నీ ఒక్కటీ మరిచిపోకుండా చెప్పి తెప్పించింది. అంతేసి పళ్లెంలో పిడికెడు మాంసం వచ్చింది. చేత్తోనే తింది, మెల్లగా, పూజ చేస్తున్నంత శ్రద్ధగా. చివర మిఠాయి మీద వెండి రేకు చూసి, "నా కడియాలు గీడికే వచ్చినయి గదనే" అంది. నవ్వబోయి ఏడ్చాను.

అంతా తిన్నాక, ఎట్లుంది పెద్దమ్మా అని అడిగాను. ఆమె ఖాళీ పళ్లెం పక్కకు జరిపింది.

"మంచిగున్నది బిడ్డా. శానా మంచిగున్నది. చప్పగుంటే బాగుండు. నా కొడుకు ఏం పోగొట్టుకోలేదని నిమ్మలంగ ఇంటికి పోయేదాన్ని."

ఒక్క భోజనానికి అంత ఖర్చు తగునా అని జనం ఇప్పటికీ అడుగుతారు. రుచిని బట్టి వెల అయితే, తగును. ఆమెకు ఆ రుచే శిక్ష అయింది.

మర్నాడు పొద్దున వాడకట్టు ఆడవాళ్లంతా వాకిట్లో చేరారు. ఎట్లుందో చెప్పమన్నారు. వాళ్లలో ఎదురింటావిడ కొడుకు ఆ రోజు కూడా హైదరాబాదులో అవే పళ్లేలు మోస్తున్నాడు. పెద్దమ్మ ఒకసారి ఆమె వైపు చూసి, మూతి వంకర పెట్టింది. ఉప్పు లేదు, కారం లేదు, దానికంటే మన ఉత్త గొడ్డుకారం బువ్వ నయం అంది. అందరూ పగలబడి నవ్వారు. నేను ఏదో అనబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎదురింటావిడ మాత్రం నవ్వలేదు. "అంటే మా పోరడు రోజు మోసేది గా చప్పిడి కూడేనా వదినె?" అని అడిగింది.

"గదే. వాని నోటికి ఏం తక్కువ గాలె. నువ్వు దిగులు వెట్టుకోకు" అంది పెద్దమ్మ.

అప్పుడు నవ్వింది ఎదురింటావిడ. సద్దిగిన్నె చంకన పెట్టుకొని, కొంగు నడుముకు దోపుకొని, మిరప తోట దిక్కు గబగబా నడిచింది. పెద్దమ్మ గడప మీద నిలబడి నవ్వుముఖంతో ఆమెనే చూసింది. ఆమె సందు మలుపు తిరిగిపోయింది. పెద్దమ్మ అట్లాగే, ముఖం మీది నవ్వు తీయడం మరిచిపోయి, ఖాళీ సందును చూస్తూ నిలబడింది.