పదకొండు ముక్కల చక్రం

మా వదిన ఒకే ఒక్క అంకెతో ల్యాబు డైరెక్టరంతటి మనిషిని తన కాళ్ళ మీద పడేసుకుంది. ఇంటరు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మానేసిన నేను చెప్తున్నాను, నమ్మండి.

ఆవిడ పని తూకం. కొన్ని ప్రోటీన్లు ఒంటరిగా ఉండవు. ఒకేలాంటి ముక్కలు అరడజనో డజనో అతుక్కుని చక్రంలా జట్టుకడతాయి. ఆ జట్టు విడిపోకుండా గాల్లోకి లేపి, మాస్ స్పెక్ట్రోమీటరులో తూచాలి. ముందు ప్రోటీను కలిపిన నీళ్ళలోంచి ఉప్పంతా తీసెయ్యాలి. వెంట్రుకకన్నా సన్నటి మొన ఉన్న గాజు సూదిలో నింపాలి. వోల్టేజీ కాస్త ఎక్కువైనా జట్టు చెల్లాచెదురు. పద్దెనిమిదేళ్ళుగా మైక్రోస్కోపు కింద ఆ సూది మొనలు పట్టకారుతో తుంచేది ఆవిడే.

డైరెక్టరు ఆ తూకం గదిలోకి వచ్చేది ఫొటోలకే. కోటు మీద మరక ఉండదు, బుర్ర మీద వాడిన గుర్తూ ఉండదు. తను పరిశోధించే ప్రోటీను చక్రంలో ముక్కలు పన్నెండని తూచకముందే తేల్చేసి, పన్నెండు రేకుల బొమ్మ గీయించి గుమ్మం పక్కన తగిలించుకున్నాడు. వదిన తూస్తే పదకొండొచ్చాయి.

"సూది బాలేదేమోనమ్మా."

"నాలుగు సూదులు మార్చాను సార్."

"అయితే ఒకటి దార్లో ఊడిపోయుంటుంది. పన్నెండని రాసెయ్. నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది, గుర్తుందిగా."

గుర్తులేకేం. సంతకం పడకపోతే నెలాఖరుకి ఆవిడ ఇంటికే. మా ఇంట్లో జీతం తెచ్చేది వదినొక్కతే. నేను కబుర్లు తెస్తాను.

వదిన మళ్ళీ సూది నింపింది. కావాలనే వోల్టేజీ పెంచింది. చక్రంలోంచి ఒక ముక్క ఊడి వేరుగా కనిపించింది, మిగిలిన చక్రం పది ముక్కల బరువు తూగింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"ఊడితే ఊడిన ముక్క కూడా కనిపిస్తుంది సార్, ఇదిగో. మొదటి తూకంలో ఇది లేదు."

అంతే. గది అదిరింది, కిటికీ అద్దాలు బీటలిచ్చాయి, ఆ ఇస్త్రీ కోటు నేలమీద సాష్టాంగపడి "తల్లీ, నాకు లెక్కలు రావు" అని బావురుమంది.

నిన్న ఇదంతా పక్కింటివాళ్ళకి చెప్తుంటే, వదిన బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా అంది:

"కాళ్ళ మీదేం పడలేదు నాయనా. పెన్ను జారిపోతే వంగాడు. పన్నెండు కొట్టేసి పదకొండు రాశాడు, నా కాగితం మీద సంతకం పెట్టాడు."