గిన్నె అడుగున బాతులు

పాశమైలారంలో అన్న పనిచేసే మందుల ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైంది. పొద్దున మాకు ఫోన్ వచ్చేసరికే అతను పటాన్‌చెరులో ఓ ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాడు. అమ్మీ ఏడవలేదు. బీరువా మీది చెక్కపెట్టె దించి, అందులోని నీలిపూల చీనీ పింగాణీ గిన్నె తీసి నా చేతిలో పెట్టింది.

ఇంట్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా మాకు ఆ గిన్నే దిక్కు. మసీదు దగ్గర ఉండే ముసలి చాచా దాని లోపలివైపు కుంకుమపువ్వు నీళ్లతో ఖురాన్ ఆయతులు రాస్తాడు. అవి కడిగిన నీళ్లు రోగికి తాగిస్తాం. కుంకుమపువ్వు కరిగిపోతుంది. గాజులాంటి పూత కింద ఉన్న నీలం మాత్రం చెక్కుచెదరదు.

ఈసారి గిన్నె లోపలికి పరీక్షగా చూశాను. అంచు చుట్టూ అలలు, వాటి కింద తామరతీగ, మొనదేలిన ఆకులు. అంతవరకు బాగానే ఉంది. కానీ నడిమధ్యన అమ్మీ జోడాకులని చెప్పే ఆ రెండు నీలి ముద్దలు ఆకులు కావు. ఈమధ్యే హైదరాబాద్ మ్యూజియంలో ఇలాంటి పాత చైనా గిన్నెనే చూశాను. అవి కొలనులో ఈదే జంట బాతులని అక్కడే తెలిసింది. ప్రాణమున్న వాటి బొమ్మ మీద ఆయతులు రాయరు. ఈ మాట అమ్మీకి ఎలా చెప్పాలి? గిన్నె పట్టుకుని ఆమె వెంట చాచా ఇంటికి నడిచాను.

చాచాకు కొత్తగా కంటి ఆపరేషన్ అయి చూపు తేటపడింది. గిన్నెను కిటికీ వెలుగులోకి తిప్పి, కలం ఎత్తి, ఆగిపోయాడు.

"ఇవి బాతులు గదమ్మా?"

"ఆకులు చాచా," అంది అమ్మీ.

"ఇగో ముక్కు. ఇగో రెక్క. దీని మీద ఎట్ల రాయాలె బేటీ?"

నాకు ఒళ్లు మండింది. "ఆడ అన్నకు ఊపిరి ఆడుతలేదు. మీరు బాతుల ముక్కులు చూస్తున్నరా?" అని అరిచేశాను. అమ్మీ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

చాచా గిన్నెను మళ్లీ ఒకసారి తిప్పి చూశాడు. "అంచుకు అలలే ఉన్నయి. ఆడ రాస్త," అని, ఆ సన్నటి పట్టీలో గిన్నె చుట్టూ రాశాడు.

కడిగిన నీళ్లు సీసాలో పోసుకుని షేర్ ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. ఐసీయూ తలుపు దగ్గర నర్సు అడ్డుకుంది. "నోట్లె పైపు ఉందమ్మా. చుక్క నీళ్లు గూడ పోయొద్దు."

ఇంతా చేసి ఇదా అని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మీ మాత్రం బెంచీ మీద కూర్చుని సీసా మూత తీసింది.

"వాడు నా కడుపుల అడ్డం తిరిగిననాడు ఈ గిన్నె నీళ్లు నేనే తాగిన. వానికి ముట్టలేదా?"

బిస్మిల్లా అని, తలుపు మీంచి చూపు తిప్పకుండా సీసా మొత్తం తాగేసింది.