కల్వర్టు దాటిన నలభై అడుగులు

కాటారం క్యాంపులో నేను దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. వాన అప్పుడే వెలిసింది. నాలుగు రేకుల షెడ్లు, చుట్టూ ముళ్ల తీగ, రెండు మూలల్లో ఇసుక బస్తాలతో కట్టిన కాపలా గదులు. వాటిని మేం మోర్చాలంటాం. నా భుజాన రైఫిల్, నడుముకు తొంభై తూటాలు, వీపున పద్దెనిమిది కిలోల సంచి. సంచి పై జేబులో అరచేతిలో పట్టే బైబిలు, కొత్త నిబంధన భాగం. బూట్లు కొత్తవి. మొదటి రోజే రెండు మడమలూ ఒరుసుకుపోయాయి.

ఫౌజీ అనగానే మా జనగామ వాళ్లు మంచు కొండల గురించి అడుగుతారు. నేను మంచు చూశాను, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాకు గుర్తున్నది మా బచ్చన్నపేటకు బస్సులో ఆరు గంటల దూరంలో ఉన్న ఈ అడవి. తెలంగాణ కోసం ఊరూరా బంద్‌లు నడుస్తున్న రోజులు. అడవిలో నక్సలైట్ల దళాలు కూడా తిరుగుతున్నాయి. మాది కేంద్ర బలగం. కంపెనీలో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే, నేనూ రేడియో ఆపరేటరూ. అతనిది గార్ల దగ్గర ఒక లంబాడా తండా. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా, అప్పుడు ఖమ్మం.

కంపెనీ కమాండర్ మొదటి సాయంత్రమే వరుసలో నిలబెట్టి హిందీలో చెప్పాడు. "రాజకీయం మాట్లాడొద్దు. మతం మాట్లాడొద్దు. నీళ్లు మరగబెట్టి తాగండి." మూడోది మాత్రం అందరం పాటించాం.

మా పని రోడ్డు తెరవడం. భూపాలపల్లి బస్సు కదలకముందే ఏడు కిలోమీటర్ల రోడ్డును కాలినడకన వెతకాలి. మందుపాతర ఉందేమో చూడాలి. ఐదున్నరకు బయల్దేరేవాళ్లం. ఎనిమిది మందిమి ఒకరి వెనక ఒకరం, మధ్యలో ఐదేసి అడుగులు. ముందు సెక్షన్ కమాండర్. నేను మూడోవాణ్ణి, ఆపరేటర్ నాలుగోవాడు. నియమం ఒక్కటే. తేడా కనిపించినవాడు పిడికిలి ఎత్తి ఆగాలి. చూసింది వెనకవాడికి నోటితో చెప్పాలి. అతను తన వెనకవాడికి చెప్పాలి. ఆఖరివాడి నుంచి "అందింది" అని తిరిగి వచ్చేదాకా ఎవరూ కాలు కదపకూడదు.

రెండో వారంలో ఒక సాయంత్రం మోర్చాలో ఆపరేటర్ అడిగాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యకు. మీ దేవుణ్ని మీరు మొక్కుకోండ్రి. మంది ఇండ్లల్లకెందుకు వస్తరు?"

"ఎవలింటికొచ్చిన్రు?"

"మా ఇంటికే. మా చెల్లె గార్లల ప్రార్థనకు పోతది. తీజ్ పండుగ దినం మా అమ్మ ముంగట కూసొని ఏసు ముచ్చట తీసింది. పుస్తకం వాకిట్లకు ఇసిరేసిన. దాన్ని సుత కొట్టి బయటికి నూకిన. రెండేండ్లాయె. మాటల్లేవ్. ఎవడో బియ్యం ఇచ్చి కొనుక్కున్నడన్నా దాన్ని."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మాత్రం మింగాను. చెల్లెలితో మాటల్లేని రెండేళ్లనూ అతను లెక్కపెట్టుకుంటున్నాడు మరి.

"బియ్యానికి వచ్చేటోళ్లు ఉండొచ్చు తమ్మీ. మంది దేవుండ్లను తిట్టి చెప్పేటోళ్లు సుత ఉన్నరు. వాళ్లను చూస్తె నాకే సిగ్గయితది. కానీ మా ఇంటి సంగతి ఇను. మా బాపు గుడుంబ తాగేటోడు. ఒక దినం గాజులమ్మేటామె వచ్చింది. గాజులు తొడుగుకుంట మా అవ్వ చేతుల మీద దెబ్బలు చూసింది. బేరం పక్కకు పెట్టి, కూసొని, ఏసయ్య గురించి చెప్పింది. బాపు తాగుడు బంద్ జేసెతందుకు ఏడాది పట్టింది. కానీ బంద్ జేసిండు. గామె 'నాకెందుకులే' అని గాజులమ్ముకొని పోతె మా గతేంది?"

"గది మీ ఇంటి ముచ్చట," అని అతను రేడియో వైపు తిరిగాడు. వాదనలో నేనే ఓడిపోయాను. నా నమ్మకం మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ తర్వాత నా పరువు పోయింది. రోడ్డు అంచున కొత్త మట్టి కనిపించి పిడికిలి ఎత్తాను. గంటసేపు అందరూ వానలో బురదలో పడుకున్నారు. తీరా చూస్తే ఎవరో పుట్టగొడుగుల కోసం పుట్ట తవ్విన గుంట. సంచిలో బైబిలు, నోట లేని ప్రమాదం. ఆ రోజు నుంచి నా పేరు పాస్టర్. వంటాయన పళ్లెంలో పుట్టగొడుగుల కూర వేస్తూ, "పాస్టర్ సాబ్, ఇవి పేలవు, ధైర్యంగా తినండి," అనేవాడు. నవ్వాను. లోపల మాత్రం మండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత, ఎనిమిది నలభైకి, ఐదో కిలోమీటరు కల్వర్టు దగ్గర మళ్లీ కొత్త మట్టి కనిపించింది. జానెడు వెడల్పు. మీద పరిచిన గడ్డి వాడిపోయి ఉంది. వానాకాలంలో, చుట్టూ పచ్చగా ఉన్నచోట, ఆ ఒక్క గడ్డే ఎందుకు వాడాలి? చూశాను. పిడికిలి ఎత్తలేదు. మళ్లీ పుట్టగొడుగులే అంటారు, మళ్లీ నవ్వుతారు అనుకున్నాను. నడిచాను. నా వెనక ఐదుగురూ ఆ కల్వర్టు మీదుగానే నడిచారు.

నలభై అడుగులు వేశాను. ఎదురుగా ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. ట్రాలీ నిండా జనం, వంట గంజులు, కట్టెలు, జెండాలు. వంటావార్పుకు వస్తున్నారు. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, దారి ఆపడం ఉద్యమంలో పద్ధతి. రెండూళ్ల బాటలు కలిసేది ఆ కల్వర్టు దగ్గరే.

పిడికిలి ఎత్తాను. "కల్వర్టు. కొత్త మట్టి. వాడిన గడ్డి," అన్నాను. మాట వెనక్కి పోయింది. అందింది అని తిరిగి వచ్చింది. ఆపరేటర్ రేడియో నొక్కాడు.

"కల్వర్టు దగ్గర అనుమానం. ఆగినం. ఓవర్."

"బాంబు స్క్వాడ్ వస్తుంది. గంటన్నర. జనాన్ని రెండు వందల మీటర్లు వెనక ఉంచండి. ఓవర్."

సెక్షన్ కమాండర్ ట్రాక్టర్‌కు అడ్డం నిలబడి, కల్వర్టు కింద బాంబు ఉందని హిందీలో అరిచాడు. జనం జై తెలంగాణ అని అంతకన్నా గట్టిగా అరిచారు. అతని చెయ్యి లాఠీ మీదకు పోయింది. "సార్, ఐదు నిమిషాలు నాకివ్వండి," అన్నాను. రైఫిల్ వీపుకు తిప్పుకుని ట్రాలీ దగ్గరకు వెళ్లాను.

కట్టెల మోపు మీద కూర్చున్న ఒక ముసలవ్వ నన్ను కిందికీ పైకీ చూసింది.

"తెలంగాణ అంటె మీకు కడుపుమంట. గందుకే బాంబు గీంబు అంటున్నరు."

"అవ్వా, నాది బచ్చన్నపేట. నేను సుత ఈ గడ్డోన్నే."

"మరి ఎవలు పంపిన్రు నిన్ను? మమ్ముల ఆపితె నీకేమొస్తది?"

"ఏం రాదవ్వా. నీ మేలు కోసమే చెప్తున్న."

"మా మేలు కోరేటోళ్లను శానామందిని చూసినం తియ్," అంది. ట్రాలీలో అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అవ్వ ముందుకు వంగింది. "గిప్పుడే నువ్వు గా కల్వర్టు మీదికెల్లి నడిసొచ్చినవ్. ఈ కండ్లతోని చూసిన. బాంబుంటె నువ్వెట్ల నడిసినవ్ బిడ్డా?"

మందుపాతరల్లో బండి బరువుకే పేలేవి ఉంటాయని చెప్పవచ్చు. అది నిజమే. కానీ ఆవిడ అడిగింది అది కాదు. వెనక ఆపరేటర్ నిలబడి ఉన్నాడు. సెక్షన్ కమాండర్ కూడా ఉన్నాడు, అతనికి తెలుగు ఎంత అర్థమవుతుందో నాకు తెలియదు.

"చూసిన అవ్వా. చూసి చెప్పకుంట నడిసిన. మొన్న చెప్తె మావోళ్లు నవ్విన్రు. మళ్ల నవ్వుతరని నోరు మూసుకున్న. నా ఎనుక ఐదుగురు నడిసిన్రు. నాది తప్పే. మిమ్ముల చూసినంక నోరు ఆగలే. నమ్ముతె నమ్ము, లేకుంటె లేదు. నిన్ను చెయ్యి పట్టి గుంజను. కాళ్లు మొక్కుత, ఈడ ఆగు."

అవ్వ కట్టెల మోపు మీద నుంచి దిగింది. తర్వాత వెనక్కి తిరిగి, "పొయ్యి ఈడనే పెట్టుండ్రి. గీడ సుత రోడ్డే గదా," అంది.

స్క్వాడ్ పదీ ఇరవైకి వచ్చింది. పదకొండుకు కల్వర్టు కింద నుంచి పెద్ద పాల క్యాను బయటకు తీశారు. దూరంగా తీసుకెళ్లి పేల్చారు. పొయ్యి మీద గంజు మూత ఎగిరి పడింది. ఎవరూ అరవలేదు. ఒక తల్లి పిల్లను ఎత్తుకుని ట్రాక్టర్ చక్రం వైపే చూస్తూ నిలబడింది. ఆ చక్రం కల్వర్టు ఎక్కి ఉంటే అనుకున్నాను. ఆ ఆలోచన ఇంత వయసు వచ్చినా నన్ను వదల్లేదు.

క్యాంపుకు వచ్చి నా తప్పు నేనే కమాండర్‌కు చెప్పాను. ఏడు రోజులు అదనపు కాపలా వేశాడు. న్యాయమే.

మూడో రోజు మధ్యాహ్నం ఆపరేటర్ మోర్చాకు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, అవ్వ నిన్ను నమ్ముడు నమ్మకపోవుడు ఆమె ఇష్టం."

"అవును."

"నమ్మకుంటె తిట్టొచ్చు. నవ్వొచ్చు. కానీ చెప్పెతందుకు వచ్చినోన్ని కొడ్తదా?" చేతులు చూసుకున్నాడు. "నేను కొట్టిన."

"మీ చెల్లెకు మీ మీద పావురం, ప్రేమ ఉండబట్టే చెప్పింది తమ్మీ. లేకుంటె పండుగ పూట నోరెందుకు తెరుస్తది? నేను సుత నీకు మా ఏసయ్య గురించి చెప్పేది గందుకే. తీసుకుంటవా లేదా అన్నది నీకు, ఆయనకు నడుమ ముచ్చట."

"నేను మారనన్నా."

"సరే. నేను చెప్పుడు మానను."

అప్పుడు నవ్వాడు. మా ఇద్దరి మధ్య ఆ మాట ఇప్పటికీ అట్లాగే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను, అతను వింటూనే ఉన్నాడు.

చలి తగ్గే రోజుల్లో మా కంపెనీ కదిలింది. సెలవు చీటీలు వచ్చాయి. భూపాలపల్లి మీదుగా వరంగల్ దాకా బస్సులో వచ్చాం. నేను జనగామ వైపు బండి ఎక్కాలి. అతను గార్ల వైపు. స్టేషన్‌లో నా సంచి పట్టుకున్నాడు. "జర నువ్వు సుత రా అన్నా. ఒక్కన్ని పోలేను." వెళ్లాను.

చెల్లెలు తండా బయట మిరప చేనులో కూలికి ఉందన్నారు. గట్టు మీద నిలబడి పిలిచాడు. ఆమె తల ఎత్తింది. కాయల బుట్ట వదిలేసింది. సాళ్ల మీదుగా పరిగెత్తుకుంటూ వచ్చింది. చాలా రోజులకు కలిసిన అయినవాళ్ల మెడ మీద తల పెట్టి, రాగం తీసి ఏడవడం తండాలో ఆడవాళ్ల ఆనవాయితీ. ఏసును నమ్మిన పిల్ల అవన్నీ వదిలేసి ఉంటుందని అతను దారంతా భయపడ్డాడు. ఆమె వదల్లేదు. అన్న భుజం మీద తల పెట్టి వాళ్ల భాషలో రాగం అందుకుంది. నాకు ఒక్క మాట అర్థం కాలేదు, కళ్లు మాత్రం నిండాయి.

ఆమె చేతుల నిండా మిరప ఘాటు. అది అన్నకు తగలకూడదని రెండు చేతులూ అతనికి దూరంగా, అరచేతులు పైకి తిప్పి, గాలిలో పట్టుకుని ఏడ్చింది.